కొలత ముందు, కళ్ళజోడు తర్వాత

2019 ఏప్రిల్ 15న పారిస్‌లోని నోత్రదామ్ చర్చి తగలబడిన కొద్ది రోజులకే ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ అనే వీడియో గేమ్‌లో ఆ చర్చి ఉన్నదున్నట్టు ఉందని, దాన్ని చూసుకుంటూ మళ్ళీ కట్టేయవచ్చని ఆ వార్త సారాంశం. కంపెనీ ఆ గేమ్‌ను వారం పాటు ఉచితంగా ఇచ్చింది, అయిదు లక్షల యూరోల విరాళమూ ప్రకటించింది. వార్త మాత్రం నిజం కాదు. గేమ్‌లోని చర్చి ఆటకు తగ్గట్టుగా కళాకారులు తీర్చిదిద్దుకున్నది. కథ జరిగేది ఫ్రెంచి విప్లవ కాలంలో, అందులో చర్చి మీద కనిపించే సూది శిఖరమేమో 19వ శతాబ్దంలో ఆర్కిటెక్టు వియొలె-లె-దుక్ కట్టించినది. నేటి ఆటగాడికి తెలిసిన నోత్రదామ్ అదే కనుక అదే పెట్టారు.

అక్కరకు వచ్చే కొలతలు వేరేచోట ఉన్నాయి. ఆండ్రూ టాలన్ అనే అమెరికన్ కళాచరిత్రకారుడు 2010లో లేజర్ స్కానర్‌ను చర్చి లోపలా బయటా పదుల చోట్ల నిలబెట్టి వంద కోట్లకు పైగా బిందువులు నమోదు చేశారు. ఆయన 2018 నవంబరులో చనిపోయారు, మంటలు చూడలేదు. పైకప్పు కింద అడవిలా ఉండే ఓక్ దూలాల పందిరిని రెమీ ఫ్రొమాఁ, సెడ్రిక్ ట్రాంటెసో అనే ఇద్దరు ఆర్కిటెక్టులు అగ్నిప్రమాదానికి కొన్నేళ్ళ ముందే ఓపికగా కొలిచి, గీసి పెట్టారు. కాలిపోయిన పందిరిని మళ్ళీ ఓక్ కర్రతోనే కట్టారు. 2024 డిసెంబరులో చర్చి తెరుచుకుంది.

ఈ రెండు నోత్రదామ్‌లనూ పక్కపక్కన పెట్టుకుంటే, ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాలకు వర్చువల్ రియాలిటీ ఏం చేయగలదన్న చర్చ సగానికి పైగా తేలిపోతుంది. హెడ్‌సెట్ తగిలించుకున్నవారికి రెండూ ఒకేలా కనబడతాయి. నిజానికి ఆటలోదే ఇంకాస్త అందంగా ఉంటుంది. ఒకటి కొలిచినది, మరొకటి ఊహించినది. కట్టడం నిలబడి ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ పట్టదు. కూలిన మర్నాడు దానికే విలువ.

పని జరిగే తీరు ఇది. లేజర్ స్కానర్ చుట్టూ కిరణాలు పంపి, అవి గోడకు తగిలి తిరిగొచ్చే తీరునుబట్టి దూరం లెక్కగడుతుంది. ఒక్కో కిరణానికి ఒక్కో బిందువు. ఒకచోటి నుంచి కనబడని మూలల కోసం యంత్రాన్ని మరోచోటికి మారుస్తారు. రంగూ మెరుపూ ఫోటోల నుంచి వస్తాయి. వందలు, వేల ఫోటోలను కంప్యూటర్ ఒకదానితో ఒకటి సరిపోల్చి ఆకారాన్ని రాబట్టే పద్ధతిని ఫోటోగ్రామెట్రీ అంటారు. ఈ రెండింటినీ కలిపి, బిందువులను ఉపరితలాలుగా మార్చి, చివరికి హెడ్‌సెట్ మోయగలిగినంతగా బరువు తగ్గిస్తారు. ఆ తగ్గించడంలో చాలా వివరం రాలిపోతుంది. చూపరికి అందేది అసలు దస్తావేజు కాదు, దాని సంగ్రహం. ఇంత పని వెనకాల ఉంటే, ప్రకటనల్లో మాత్రం ఎప్పుడూ హెడ్‌సెటే ముందుంటుంది. పొయ్యి వెలిగించకుండా విస్తళ్ళు వేసినట్టు.

పొయ్యి ముందుగా వెలిగించిన మనుషుల్లో బెన్ కకీరా పేరు చెప్పుకోవాలి. ఇరాక్‌లోని మోసుల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు ఆయన. ఎక్కడికైనా మోసుకెళ్ళగల లేజర్ స్కానర్ తయారీలో తొలితరం మనిషి. 2001 మార్చిలో తాలిబన్లు బమియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చేసిన తర్వాత, 2003లో సైఆర్క్ అనే సంస్థ పెట్టారు. ఆ సంస్థ ఉగాండాలోని కసూబి సమాధులను 2009లో స్కాన్ చేసింది. బుగాండా రాజులు నలుగురిని సమాధి చేసిన చోటు అది, గడ్డి కప్పిన పెద్ద గుండ్రటి కట్టడం. ఏడాది తిరగకుండా, 2010 మార్చిలో అది కాలిపోయింది. మయన్మార్‌లోని బగాన్‌లో కూడా ఇలాగే 2016 ఆగస్టు భూకంపంలో వందలాది గుళ్ళు దెబ్బతినడానికి ముందే కొన్నింటి కొలతలు చేతికొచ్చాయి.

కసూబి కథలో తరచూ వదిలేసే భాగం ఒకటుంది. కొలతలు చేతిలో ఉన్నా కట్టడం గబుక్కున లేవలేదు. ఆ గడ్డి కప్పే హక్కు, విద్య ఒక ప్రత్యేక వంశానివి. ఎవరు ఏం ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోకూడదు అన్న కట్టుబాట్లు ఉన్నాయి. ప్రమాద జాబితాలోకి వెళ్ళిన ఆ స్థలాన్ని యునెస్కో 2023లో గాని అందులోంచి తీయలేదు. గడ్డి కట్ట ఎంత లావుండాలో స్కానర్ చెబుతుంది. దాన్ని కట్టే చేతిని తయారుచేయడం దాని వల్ల కాదు.

కొలవకుండా పోయిన వాటి సంగతి వేరు. బమియాన్‌లో పెద్ద విగ్రహం 55 మీటర్లు, చిన్నది 38. అదృష్టవశాత్తు రాబర్ట్ కోస్ట్కా అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1970లో కొలతల కోసమే కొన్ని ఫోటోలు తీసి ఉన్నారు. జ్యూరిక్‌లో ఆర్మిన్ గ్రూన్ బృందం వాటితో పెద్ద బుద్ధుణ్ణి కంప్యూటర్లో తిరిగి నిలబెట్టింది. పోల్చి చూద్దామని యాత్రికుల ఫోటోలతోనూ, ఇంటర్నెట్‌లో దొరికిన వాటితోనూ ప్రయత్నించారు. ఆకారం వచ్చింది గాని, అంగవస్త్రపు మడతల సూక్ష్మత కోస్ట్కా ఫోటోలతోనే వచ్చింది. కొలిచే ఉద్దేశంతో తీసిన ఫోటోకూ, వచ్చిన గుర్తుగా తీసుకున్న ఫోటోకూ అంత తేడా. 2015లో చైనా దంపతులిద్దరు ఖాళీ గూటిలోకి వెలుగుతో బుద్ధుడి రూపాన్ని ప్రసరింపజేశారు. అది నివాళి. పునర్నిర్మాణం అనలేం.

మోసుల్ మ్యూజియంలో విగ్రహాలను ఐసిస్ పగలగొట్టిన వీడియో 2015 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. వెంటనే ఇద్దరు యువ పరిశోధకులు సందర్శకుల పాత ఫోటోలు పోగుచేసి నమూనాలు కట్టడం మొదలుపెట్టారు. 2016లో ‘ది ఎకనామిస్ట్’ పత్రిక వాటితో ఒక వర్చువల్ మ్యూజియం తయారుచేసింది. సిరియాలోని పల్మైరాది ఇంకా బరువైన కథ. బాసెల్ ఖర్తబిల్ అనే పాలస్తీనీ-సిరియన్ ప్రోగ్రామర్ యుద్ధానికి ముందే ఆ ప్రాచీన నగరాన్ని త్రీడీలో కట్టడం మొదలుపెట్టాడు. 2012లో సిరియా ప్రభుత్వం అతణ్ణి నిర్బంధించింది, 2015లో ఉరితీసిన సంగతి రెండేళ్ళ తర్వాత బయటపడింది. అదే 2015లో ఐసిస్ అక్కడి పురావస్తు శాస్త్రవేత్త ఖాలిద్ అల్-అసద్‌ను చంపి, బేల్ దేవాలయాన్ని, విజయ తోరణాన్ని కూల్చింది. 2016 ఏప్రిల్‌లో ఆ తోరణం నకలు, ఇటలీలో యంత్రాలతో చెక్కించినది, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబడింది. జనం ముందు నిలబడి సెల్ఫీలు దిగారు. అది ఎవరి దుఃఖానికి, ఎవరి ఊరట కోసం అన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. నాకు ఆ తోరణం కన్నా ఖర్తబిల్ అసంపూర్తిగా వదిలిన ఫైళ్ళే గౌరవప్రదంగా కనబడతాయి. ఎవరైనా వాడుకొమ్మని అతని మిత్రులు వాటిని అందరికీ తెరిచిపెట్టారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో మామూలు పౌరులే ఫోన్లతో స్మారకాలను స్కాన్ చేసే కార్యక్రమం నడిచింది. పల్మైరా నుంచి నేర్చుకున్న పాఠం అది.

యుద్ధాలు, మంటలు వార్తల్లోకి ఎక్కుతాయి. వార్తకెక్కని ప్రమాదం చూడ్డానికొచ్చినవాళ్ళ ఊపిరి. వర్చువల్ రియాలిటీ అన్నిటికన్నా నిజాయితీగా, నిశ్శబ్దంగా పనికొచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఫ్రాన్స్‌లో ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహను 1940లో కుర్రాళ్ళు కనిపెట్టారు, 1948లో జనానికి తెరిచారు. 1950ల మధ్యకల్లా రోజుకు వెయ్యి మందికి పైగా వచ్చేవారు. వాళ్ళ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, తేమ, దీపాల వెలుగు కలిసి గోడల మీద పచ్చటి నాచును, తెల్లటి సున్నపు పొరను పెంచాయి. 1963లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో గుహ మూయించారు. 1983లో పక్కనే నకలు గుహ, 2016లో దాని కింది ఊళ్ళో ఇంకా పెద్ద నకలు వచ్చాయి. 1994లో బయటపడ్డ షోవె గుహ విషయంలో ఫ్రాన్స్ ఆ తప్పు చేయలేదు, అసలు తెరవనే లేదు. 2015లో నకలు, 2020లో హెడ్‌సెట్ అనుభవం వచ్చాయి. 36,000 ఏళ్ళ నాటి సింహాల బొమ్మలను మామూలు సందర్శకుడు చూసే దారి అదొక్కటే.

కొస్కే గుహది మరో రకం గండం. మార్సెయ్ దగ్గర సముద్రంలో 37 మీటర్ల లోతున దాని ద్వారం. బొమ్మలు వేసినప్పుడు సముద్రం ఎంతో దూరంలో, ఎంతో కిందన ఉండేది. ఇప్పుడు లోపలి గదుల్లోనూ నీళ్ళు నిలిచి, మట్టం పెరిగినకొద్దీ గుర్రాల బొమ్మలను తాకుతున్నాయి. దాన్ని ఎవరూ ఆపలేరు. లేజర్‌తో కొలిచి, 2022లో మార్సెయ్‌లో నకలు తెరిచారు. ఇక్కడ నకలు అసలుకు కాపలా కాదు. పోబోయేదానికి వాంగ్మూలం.

చైనాలోని దున్హువాంగ్ గుహలను నేను ఈ మొత్తం వ్యవహారంలో మేలైన నమూనాగా చూస్తాను. 4వ శతాబ్దం నుంచి 14 దాకా తొలిచిన గుహల్లో చిత్రాలున్నవి 492. వాటి గోడల మీద 45,000 చదరపు మీటర్ల చిత్రాలున్నాయి. 1963లో అక్కడ ఉద్యోగంలో చేరి తర్వాత సంస్థకు అధిపతి అయిన ఫాన్ జిన్షి, ఈ గోడలు ఎప్పటికీ ఇలా ఉండవు, కంప్యూటర్లో దాచాలని 1980ల చివరిలోనే పట్టుబట్టారు. దశాబ్దాలపాటు గుహ తర్వాత గుహ ఫోటో తీశారు. 2014లో గుహలకు దూరంగా సందర్శకుల కేంద్రం కట్టారు. వచ్చినవారు ముందు అక్కడి గోపురం తెర కింద కూర్చుని గుహల లోపలి చిత్రాలను తీరిగ్గా, పెద్దవిగా చూస్తారు. ఆ తర్వాతే బస్సెక్కి కొద్ది గుహల్లోకి వెళ్ళి, తొందరగా బయటికొస్తారు. రోజుకు 6,000 మంది అనే పరిమితి పెట్టుకున్నారు. 30 గుహలను 2016లో ఇంటర్నెట్‌లో తెరిచారు. 285వ గుహకు హెడ్‌సెట్ అనుభవం 2023లో గాని రాలేదు. క్రమం గమనించండి: కొలత, దాచడం, తెర, చివరికి కళ్ళజోడు. ఇంకో సంగతి కూడా ఉంది. గోపురం తెర కింద అందరూ కలిసి కూర్చోవచ్చు. మన దగ్గర గుడికైనా కోటకైనా నాయనమ్మ నుంచి చంటిపిల్ల దాకా కలిసి వెళతారు. తలా ఒక హెడ్‌సెట్ తగిలిస్తే ఎవరి లోకం వారిదైపోతుంది, పెద్దవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి కూడా. మన దేశపు ప్రదర్శనశాలలు గోపురం తెరల గురించి ఆలోచించడం మంచిది.

అజంతా దగ్గరికొద్దాం. నిజాంల కాలంలో అది హైదరాబాద్ సంస్థానంలోది. ఆ చిత్రాలకు నకళ్ళు తీయించడంలో నూట ఎనభై ఏళ్ళ అనుభవం ఉంది మనకు, అదీ చేదు అనుభవం. రాబర్ట్ గిల్ అనే చిత్రకారుడు ఏళ్ళ తరబడి గుహల్లో కూర్చుని వేసిన ప్రతులు చాలావరకు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. తర్వాత జాన్ గ్రిఫిత్స్ బొంబాయి కళావిద్యార్థులతో వేయించిన వాటిలో ఎన్నో 1885లో లండన్‌లోనే మరో మంటలో పోయాయి. 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి నిపుణులను రప్పించి గోడలను గట్టిపరిచింది. వాళ్ళు పూసిన లక్క పొర తర్వాత పసుపెక్కి, దాన్ని తీయడం ఇంకో తరం పనైంది. పురావస్తు శాస్త్రవేత్త గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో 1930 నుంచి 1955 దాకా నాలుగు సంపుటాలుగా వచ్చిన అజంతా గ్రంథం ఇప్పటికీ పరిశోధకులు తిరగేసేది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఆ చిత్రాల ప్రతులు ఉన్నాయి. ఇటీవలి కాలంలో మహారాష్ట్ర పర్యాటక సంస్థ అజంతా కింద నాలుగు గుహల నకళ్ళతో సందర్శకుల కేంద్రం కట్టింది. ఊపిరి బరువు తగ్గించే దున్హువాంగ్ లాంటి ఆలోచనే. కరెంటు, నీటి బిల్లుల బకాయిలతో అది మూతపడింది.

నకలుకూ ఆయుష్షు ఉంటుందన్నమాట. డిజిటల్ నకలుకు మరీ తక్కువ. ఇంగ్లండ్‌లో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్ళయిన సందర్భంగా 1986లో బీబీసీ దేశమంతటి జనంతో రాయించి, ఫోటోలు తీయించి, లేజర్ డిస్కుల మీద ఒక కొత్త డూమ్స్‌డే చేయించింది. పదిహేనేళ్ళు తిరగకుండా ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయి, రక్షించడానికి ప్రత్యేక ప్రయత్నం కావలసి వచ్చింది. తోలు మీద రాసిన 1086 గ్రంథాన్ని ఇప్పటికీ తెరిచి చదవవచ్చు. మైక్రోసాఫ్ట్ ఫోటోసింథ్‌ను 2017లో, గూగుల్ తన పోలీని, బడిపిల్లలను వర్చువల్ యాత్రలకు తీసుకెళ్ళిన ఎక్స్‌పెడిషన్స్‌ను 2021లో మూసేశాయి. వాటి మీద ఆధారపడిన ప్రదర్శనలు వాటితోనే పోయాయి. కాబట్టి హెడ్‌సెట్ కోసం చేసిన అందమైన ప్యాకేజీ కన్నా, ఏ కంపెనీకీ చెందని రూపంలో దాచిన ముడి బిందువులు విలువైనవి. రేపు ఇంకేదో యంత్రం వచ్చినా వాటిలోంచి మళ్ళీ చేసుకోవచ్చు.

ఎంత కొలిచినా కొంత ఊహ తప్పదు, ముఖ్యంగా పోయినవాటిని చూపేటప్పుడు. ‘రోమ్ రీబార్న్’ అనే ప్రయత్నం 1997లో మొదలైంది, నాలుగో శతాబ్దపు రోమ్ నగరాన్ని దాదాపు 7,000 కట్టడాలతో చూపిస్తుంది. అందులో గట్టి ఆధారం ఉన్నవి కొన్నే, మిగతావి ‘ఇలాంటి వీధిలో ఇలాంటి ఇల్లు ఉండేది’ అన్న లెక్కతో నింపినవి. పండితులకు ఆ సంగతి తెలుసు. హెడ్‌సెట్‌లో నడుస్తున్న విద్యార్థికి తెలియదు. అందుకే 2006లో లండన్ చార్టర్ పేరుతో నిపుణులు ఒక ఒప్పందం రాసుకున్నారు: ఏది ఆధారంతో చూపామో, ఏది ఊహించామో, ఎందుకలా ఊహించామో నమోదు చేయాలని. ఆచరణలో అది పత్రాల్లో ఉండిపోతుంది, తెర మీదికి రాదు. ఊహించిన గోడను కొంచెం పాలిపోయిన రంగులో చూపడం ఎంతటి పని? ప్రదర్శన ‘అనుభూతి’ చెడుతుందన్న భయంతో మానేస్తారు.

చూపుతో పోలిస్తే చప్పుడు మీద శ్రద్ధ తక్కువే, అందులో జరిగిన మంచి పని మాత్రం ముచ్చటైనది. ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియాలో గానం కుదరని రోజుల్లో, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లోపల బెలూన్లు పగలగొట్టి ఆ ప్రతిధ్వనిని రికార్డు చేశారు. పదకొండు సెకన్లదాకా మోగే ఆ గోపురాన్ని లెక్కగా మార్చారు. ఆ లెక్కలోనే పాడి, ఒక బృందం మధ్యయుగపు కీర్తనలను 2019లో ఆల్బమ్‌గా తెచ్చింది. నోత్రదామ్ ధ్వనిని కూడా మంటలకు ముందే 2013లో కొలిచిపెట్టారు.

హంపీ మీద 2006లోనే సారా కెండర్‌డైన్, జెఫ్రీ షా ఒక పని చేశారు. చుట్టూ పరుచుకున్న తెర మీద విజయనగర శిథిలాలు త్రీడీలో లేస్తాయి, వాటి మధ్య గణపతి, హనుమంతుడు కదులుతారు. అందంగా ఉంటుంది. మరి హంపీ బజారు మండపాల్లో తరాలుగా కాపురముండి, కొట్లు నడుపుకున్నవారిని 2011లో ఖాళీ చేయించారు. వర్చువల్ హంపీ చెప్పేది వాళ్ళ కథ కాదు. శిథిలం అంటే ఖాళీగా ఉండాలన్న అభిరుచి ఒకటి ఈ మాధ్యమంలో ఇమిడిపోయింది.

అమరావతికి ఈ విద్య నిజంగా అక్కరకొస్తుంది. 1797లో కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి చూసేసరికే స్తూపం పలకలు కట్టడాలకు తరలిపోతున్నాయి. 1816లో ఆయన తిరిగొచ్చి చిత్రకారులతో గీయించిన బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలోని కొన్ని పలకలు తర్వాత కనబడకుండాపోయాయి, బొమ్మే మిగిలింది. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో స్థలమంతా తవ్వేసి గుంట చేశారు. మిగిలిన రాళ్ళు లండన్‌లో, చెన్నై ఎగ్మూరులో, ఊళ్ళోని మ్యూజియంలో చెదిరి ఉన్నాయి. ఏ మ్యూజియమూ ఇవ్వదు, ఏ స్తూపమూ మళ్ళీ లేవదు. కాని మూడు చోట్లా స్కాన్ చేసి, మెకంజీ గీతలను ఆనవాలుగా పెట్టుకుని, ప్రాకారాన్ని ఒక్కచోట చుట్టవచ్చు. ఆ ఫైళ్ళు ఎవరి చేతిలో ఉంటాయన్నది ముందే తేల్చుకోవాలి. నెఫర్తీతి విగ్రహపు స్కాన్‌ను బెర్లిన్ మ్యూజియం నుంచి బయటికి రప్పించడానికి ఒక కళాకారుడు సమాచార హక్కు కింద ఏళ్ళ తరబడి పోరాడి 2019లో గాని సాధించలేదు. రాయి పోయినప్పుడు అడగలేకపోయాం. దాని కొలత అయినా అడగాలి.

నాగార్జునకొండ మన పెద్ద పరీక్ష. 1926లో ఎ. ఆర్. సరస్వతి ఆ లోయలోని శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. 1955 డిసెంబరు 10న ఆ లోయను ముంచబోయే డ్యామ్‌కు శంకుస్థాపన జరిగేనాటికే ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు నడుస్తున్నాయి, 1960 దాకా సాగాయి. ఇక్ష్వాకుల విజయపురి, ముప్పైకి పైగా బౌద్ధ నిర్మాణాలు, అశ్వమేధ వేదిక, స్నానఘట్టాలు, మెట్ల రంగస్థలం బయటపడ్డాయి. తొమ్మిదింటిని తరలించి కొండ మీదా, అనుపులోనూ తిరిగి కట్టారు, పద్నాలుగింటికి చిన్న నమూనాలు చేశారు. తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వచ్చాయి. ప్లానులు, ఫోటోలు, గుంత గుంతకూ లోతులు వాటిలో ఉన్నాయి. కోస్ట్కా ఫోటోలకన్నా ఎన్నోరెట్లు గట్టి సామగ్రి. అనుపు రంగస్థలాన్ని దాని అసలు చోట పెట్టి, చుట్టూ కొండల వరసతో కలిపి, అక్కడ మాట ఎలా మోగేదో లెక్కగట్టవచ్చు కూడా. కృష్ణ మీదనే శ్రీశైలం వెనుక నీళ్ళలో సంగమేశ్వరం ఉంది. ఏటా కొన్ని నెలలే బయటపడుతుంది, నీటికీ ఎండకూ నానుతూ ఎండుతూ ఉంటుంది. దాన్ని ఏ వేసవికావేసవి కొలిచి, అరుగుదల ఎంతో పక్కపక్కన పెట్టి చూపడానికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

లోయను తిరిగి చూపాలనుకుంటే ఏ రోజును చూపాలి? మూడో శతాబ్దపు విజయపురికి చిత్రకారులూ దొరుకుతారు, డబ్బూ దొరుకుతుంది. 1950ల లోయ కూడా ఒకటి ఉంది: పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్ళు, పొలాలు, తండాలు, తవ్వకాల్లో మట్టి మోసిన కూలీలు. నివేదికల్లో విహారాల ఇటుకకు ఇటుక కొలత ఉంది, ఈ ఇళ్ళకు లేదు. నీళ్ళు రాకముందు అక్కడి నుంచి పిల్లలుగా బయటికొచ్చినవారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఏ వీధి ఎటు వెళ్ళేది, బావి ఎక్కడుండేది, ఏ రాతిని ఏ పేరుతో పిలిచేవారు అన్నవి వాళ్ళకే తెలుసు. స్కానర్ కొనే బడ్జెట్ మంజూరయ్యే లోపు ఒక టేప్ రికార్డరు, ఒక లోయ పటం పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చు.